డి డ్రైవూ, చల్లపల్లి శుభలేఖా

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి కరెంటు పోవడమంటే ఉన్నంత భయం యముడన్నా ఉండేది కాదు. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, గవర్నర్‌పేటలో మా మేనమామ నడిపే శుభలేఖల షాపులో నేను చేరిన కొత్తల్లో మా బతుకంతా ఆ భయం మీదే నడిచింది. డిగ్రీ అయ్యాక ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సు చేసి, నాలుగు కమాండ్లు నేర్చుకుని, నన్ను మించినవాడు కృష్ణా జిల్లాలో లేడన్న ధీమాతో తిరుగుతుండేవాణ్ణి. (మావయ్య నాకు మొదట అప్పగించిన పని మాత్రం కవర్లు అంటించడం.)

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా కంప్యూటర్ నీలం తెర వేసుకుని డిస్కంతా తడుముకునేది. ఒకసారి అలా తడుముకుని తడుముకుని ఎవరిదో గృహప్రవేశం కార్డు మింగేసింది కూడా. మావయ్య తల పట్టుకుని, ఏదో ఒకటి చెయ్యరా, అంత చదివానంటావుగా అన్నాడు. అదే అదనని, కార్డులన్నీ దాచుకునే డి డ్రైవ్‌ని పాత పద్ధతిలోంచి ఎన్.టి.ఎఫ్.ఎస్. అనే కొత్త పద్ధతిలోకి మార్చేద్దామన్నాను. అది ఏ పని చేయబోతున్నా ముందు ఓ మూల రాసుకుని మరీ చేస్తుందనీ, మధ్యలో కరెంటు పోయినా ఆ రాసుకున్నది చూసి తనే సర్దుకుంటుందనీ, ఫైళ్ళు ఉన్నచోట ఉండగానే మార్చొచ్చనీ పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ముందు సీడీల్లోకి ఎక్కించుకుందామా అని ఆయన అడిగాడు. సీడీ రైటర్ రిపేరుకెళ్ళింది. "ఏమీ పోదు మావయ్యా, నాదీ పూచీ" అన్నాను.

ఆ మధ్యాహ్నం కమాండ్ కొట్టి, తెర మీద శాతాలు పెరుగుతుంటే కాలరెగరేసుకుని కూర్చున్నాను. అప్పుడే చల్లపల్లి నుంచి అన్నదమ్ములిద్దరు దిగారు. ఒకే బస్సులో వచ్చి, బస్టాండు నుంచి వేరువేరు ఆటోల్లో. తమ్ముడి కూతురి పెళ్ళి. కాలవ నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగి ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. శుభలేఖలో 'ఆహ్వానించువారు' కింద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర పెళ్ళే ఆగిపోయేంత పని జరిగిందట. ఇంటికి పెద్ద నేనని అన్న, పిల్ల తండ్రిని నేనని తమ్ముడు. చివరికి ఊరి పెద్దలు కూర్చుని అన్న పేరే పైన అని తేల్చారు. అలా తేలిన వరస మా డి డ్రైవ్‌లో తప్ప ఇంకెక్కడా రాసి లేదు. ఆఖరి ప్రూఫు చూసుకోడానికి వచ్చి, బెంచీకి ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చుని, ముహూర్తం టైము సరిచూశారేమో ఆయన్ని అడగండి అంటూ మా మావయ్య ద్వారా మాట్లాడుకుంటున్నారు.

శాతాలు సగం దాటాయో లేదో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమనడం మొదలెట్టింది. దేవుడి దగ్గర దీపం ఆరకూడదని మావయ్య దాని రెండో ప్లగ్గుకి పటం బల్బు తగిలించిపెట్టాడు. అది పీకేస్తే కాసేపు ఎక్కువ నిలుస్తుందన్నాను. ఆయన నా కేసీ పటం కేసీ చూసి, ముందు నూనె దీపం వెలిగించి, చెంపలేసుకుని, అప్పుడు పీకాడు. (అంతసేపూ నా ప్రాణాలు నాలో లేవు.) ఇది మధ్యలో ఆగిపోతే ఏమవుతుందిరా అన్నాడు. నేను శాతాల మీంచి చూపు తిప్పలేదు. ఆయనకి అర్థమైంది. అన్నదమ్ముల వైపు తిరిగి, ఎందుకైనా మంచిది, పేర్ల వరస ఇంకోసారి చెప్పండి, రాసుకుంటాను అన్నాడు.

పెద్దాయన గొంతు సవరించుకుని ఆగిపోయాడు. పెద్దమనుషుల చేత చెప్పించి అచ్చు వేయించుకోవడం వేరు, తమ్ముడి మొహం చూస్తూ 'ముందు నా పేరు' అని నోటితో అనడం వేరు. ఆ తమ్ముడు చూస్తే పెళ్ళే ఆగిపోయినట్టు కండువాతో చెమట తుడుచుకుంటున్నాడు.

"ముందు మా తమ్ముడి పేరు రాసుకోండి," అన్నాడు పెద్దాయన. "పిల్ల తండ్రి."

తమ్ముడు బెంచీ మీంచి లేచాడు. "అదేంటన్నయ్యా, పెద్దలు చెప్పింది అది కాదుగా. నీ పేరే పైనుండాలి."

మావయ్య అవసరం లేకుండా వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాట అది. ఆ తర్వాత నీది ముందంటే నీది ముందని మళ్ళీ పోట్లాట. ఆ గొడవలో యూపీఎస్ అరుపు మాకెవరికీ వినపడలేదు. చూసేసరికి మార్పిడి పూర్తయింది. మెషీన్ ఆపేసి, కరెంటొచ్చాక ఫైల్ తెరిచాను. ఒక్క వత్తు కూడా పోలేదు. పైన అన్న, కింద తమ్ముడు, ఎక్కడివక్కడే ఉన్నారు. చూశారా, ఏమీ పోలేదు అన్నాను గర్వంగా. ఎవరూ నా వంక చూడలేదు.

పెద్దాయన తెర దగ్గరికి వచ్చాడు. "ఇంటికి పెద్దవాణ్ణి, నేను చెబుతున్నాను. వాడి పేరు పైకి మార్చు బాబూ." తమ్ముడు కండువా భుజాన వేసుకుని అన్న పక్కకి వచ్చి నిలబడ్డాడు.

ఇప్పుడు నేను తీసే ప్రతి ఫోటో, రాసే ప్రతి ముక్కా నేనడక్కుండానే ఎక్కడెక్కడో కాపీ అవుతున్నాయి. కరెంటు పోయినా గుండె జల్లుమనదు. ఆ సాయంత్రం మాత్రం ఇంటికెళ్ళి, ఒక్క అక్షరం పోకుండా డ్రైవ్ మార్చేశానని అమ్మకి గొప్పలు చెప్పుకున్నాను. అన్నదమ్ముల సంగతి చెప్పాలని కూడా తోచలేదు. అప్పటి నాలోని ఆ ఘనుణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. వాడు ప్రాణాలు ఉగ్గబట్టుకుని కాపాడిన వరస ఒక్క కార్డు మీద కూడా అచ్చు కాలేదు.