దారాల అల్మారి

అంకయ్యకు వదులుగా ఉన్న వస్తువంటే గిట్టదు. తలుపు గొళ్లెం కదిలినా, గొడుగు పిడి ఊగినా ఆయనకు అన్నం సహించదు. మంచం కోడు కిర్రుమంటే పడుకున్నవాళ్లను లేపి మరీ బిగిస్తాడు. "నన్ను గూడ యాడనన్న పెట్టి బిగిచ్చేటట్టున్నడు" అని భార్య స్వరూప ఇరుగుపొరుగుతో అంటూ ఉంటుంది.

అది బొగ్గుబాయి నేర్పిన అలవాటు. గోదావరిఖనిలో భూమి కింద అంకయ్య చేసిన పని కప్పుకు దుంగలు నిలబెట్టడం. బొగ్గు తీసిన చోట పైనున్న బండ కూలకుండా దుంగను నిలువుగా ఆనించి, పైన చెక్కముక్క దూర్చి, సుత్తెతో దిగ్గొట్టాలి. దుంగకూ బండకూ నడుమ వెంట్రుక దూరినా ఆ దుంగ ఉన్నా లేనట్టే. కొట్టాక అరచేత్తో తట్టి చూసేవాడు. గట్టి చప్పుడు వస్తేనే వెనకవాళ్లను "ఇగ రాండ్రి" అని పిలిచేవాడు. అంకయ్య పెట్టిన దుంగ కింద నిమ్మళంగా సద్ది తినొచ్చని పేరు. తినేవాళ్లు కూడా.

ఉద్యోగం ముగిసి, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, కరీంనగర్ అంచున కట్టుకున్న ఇంటికి వచ్చాక ఆయనకు పొద్దు పోవడం కష్టమైంది. అప్పుడే మేనల్లుడు రాకేశ్ షార్జా నుంచి తిరిగొచ్చాడు. అక్కడ ఫర్నిచర్ కంపెనీలో పనిచేసినవాడు. ఒకరోజు అన్నం తింటున్న మామకు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. బల్లంత మిషను, దాని మీద పరిచిన చెక్క, కంప్యూటర్లో గీసిన గీత వెంట తనంతట తానే తిరుగుతూ కోసుకుపోయే బిట్టు. పళ్లెంలో చెయ్యి ఎండిపోయేదాకా అంకయ్య చూపు తిప్పలేదు.

విడిభాగాలు తెప్పించి, కారు లేని కారుషెడ్డులో మామా అల్లుళ్లు ఆ సీఎన్‌సీ మిషన్‌ను బిగించారు. బిగింపు పని కాబట్టి అంకయ్యకు పండుగే. మొదట్లో చేసినవన్నీ చిల్లర పనులు. పీటల మీద పువ్వులు, గుమ్మాలకు పేర్ల పలకలు, అడిగినవాళ్లకల్లా కొండగట్టు అంజన్న బొమ్మ. మిషన్ నడిచినంతసేపూ స్వరూప చెవులు మూసుకునేది.

"నా మిషిను నడుస్తే పక్కింటోళ్లకు గూడ తెల్వది. నీది నడుస్తే కరీంనగరంత తెలుస్తది" అనేది.

ఆమెది కుట్టుమిషన్. క్వార్టర్లో ఉన్న రోజుల నుంచీ జాకెట్లు కుడుతోంది. అంకయ్య రాత్రి షిఫ్టుకు పోయినప్పుడల్లా ఆయన తిరిగొచ్చేదాకా తొక్కుతూనే ఉండేదట. చేతులు ఊరికే ఉంటే మనసు బాయిలోకి దిగేదట. ఈ సంగతి ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆదిలాబాద్‌లో నర్సుగా ఉన్న కూతురు వనిత ఒకసారి మాటల్లో అంటే అంకయ్యకు తెలిసింది. తన కోసం అంత భయపడిన మనిషికి తన చేత్తో ఒక మంచి వస్తువు చేసి పెట్టాలి, ఆమె దాన్ని రోజూ వాడాలి. ఇంతకన్నా ఆయన కోరిందేమీ లేదు.

స్వరూప దారాలు బిస్కెట్ డబ్బాల్లో ఉండేవి, గుండీలు మందు సీసాల్లో. వాటికి టేకుతో ఒక అల్మారి చేస్తానన్నాడు. రంగుకొక చిన్న సొరుగు.

"నాకెందుకయ్యా? డబ్బాలకేమైంది?" అంది స్వరూప.

ఎండాకాలమంతా ఆ పనే. కంప్యూటర్లో గీతలు చూసిన రాకేశ్ తల గోక్కున్నాడు.

"మామా, సొరుగుకు పక్కల జర సందు ఇడువు. వానకాలం కట్టె ఉబ్బుతది."

"సందా? సందున్న దుంగ కింద నిలబడ్తవారా నువ్వు?"

"దుంగ గాదు మామా, సొరుగు."

"కట్టె కట్టెనేరా."

"సరే, నీ మిషిను, నీ ఇష్టం" అన్నాడు రాకేశ్.

అల్మారి ఎంత ముద్దుగా వచ్చిందంటే, సొరుగులు నూనె పోసినట్టు కదిలేవి. పై సొరుగు మూస్తే లోపలి గాలికి కింది సొరుగు తనంతట తానే కొంచెం ముందుకొచ్చేది. స్వరూప దాన్ని మూసింది, పైది వచ్చింది. పైది మూసింది, పక్కది వచ్చింది. చిన్నపిల్లలా నవ్వింది. మర్నాడు పొద్దున అంకయ్య లేచేసరికి దారాలన్నీ సొరుగుల్లో ఉన్నాయి. డబ్బాలు పప్పులు పోసుకొమ్మని పక్కింటి నాగవ్వకు ఇచ్చేసింది.

శ్రావణం వచ్చింది. పెళ్లిళ్లూ వచ్చాయి, ముసురూ పట్టింది. బట్టలు ఆరవు, ఉప్పు నీరవుతోంది. నాగవ్వ కూతురు నవ్యశ్రీ పెళ్లి జాకెట్ స్వరూప చేతిలో ఉంది. రాణి రంగు దారం కోసం సొరుగు లాగింది. రాలేదు. గట్టిగా లాగింది. పిడి ఊడి చేతికొచ్చింది. పక్క సొరుగు లాగింది. అదీ అంతే. ఒక్కటీ కదల్లేదు.

"నాకియ్యి, నేను ఇగ్గుత" అని అంకయ్య కాలు ఆనించి లాగాడు. అల్మారి మొత్తం జరిగింది గాని సొరుగు రాలేదు.

"అయ్యో వదినా, పొద్దుగూకేటాల్లకు ఇస్తనంటివి గదా" అంది అప్పుడే వచ్చిన నాగవ్వ.

"ఇస్త తియ్యి" అంది స్వరూప. అంకయ్యను ఒక్క మాట అనలేదు. గొడుగు తీసుకుని, వానలో ఆటో ఎక్కి బజారుకు పోయి, ఇంట్లో ఉన్న దారాన్నే కొనుక్కొచ్చింది. మిగిలిన ఉండను ప్లాస్టిక్ కవర్లో వేసి గోడ మేకుకు తగిలించింది.

ఆమె తిట్టినా బాగుండేదనుకున్నాడు అంకయ్య. మేకుకు వేలాడుతున్న ఆ కవరునే చూశాడు. అది రేపు రెండు కవర్లవుతుంది, ఎల్లుండి నాలుగవుతాయి. అల్మారి మూలన పడి దుమ్ము పట్టిపోతుంది.

రాకేశ్‌కు ఫోన్ చేశాడు.

"నేను చెప్పలే మామా? ఎండ కొట్టేదాక ఆగు, అదే వస్తది."

"ఎండ కొట్టేటాల్లకు శ్రావణం ఒడుస్తదిరా."

అల్మారిని గోడ నుంచి జరిపాడు. సొరుగు సొరుగుకూ చెయ్యి తట్టి విన్నాడు. గట్టి చప్పుడు. బాయిలో ఈ చప్పుడు వింటే ఎంత ధైర్యం వచ్చేదో! ఉలి తీసుకుని వెనక పలకకు పెట్టాడు. జిగురు పెట్టి, మేకులు కొట్టి ఆయనే బిగించిన పలక. అది చీలుతుంటే తన వేలు కోసుకున్నట్టుంది. పలక ఊడాక వెనక నుంచి ఒక్కో సొరుగునూ చెక్కసుత్తితో మెల్లగా తట్టి ముందుకు తోశాడు. అన్నీ వచ్చాయి.

జాకెట్ చేత్తో పట్టుకునే స్వరూప వచ్చి పక్కన కూర్చుంది.

"మంచిగున్నదాన్ని పలగ్గొట్టుకుంటివి."

"మంచిగ యాడున్నది? నీకు అక్కరకు రాలే."

స్వరూప జాకెట్‌ను తిరగేసి కుట్టు లోపలి వైపు చూపించింది. "గిది చూడు. కుట్టుకు అవుతల గింత గుడ్డ ఇడిచిపెట్టిన. ఎందుకు? పిల్ల రేపు జర ఒళ్లు చేస్తది, కుట్టు ఇప్పుకుంటది. నీ కట్టె ఒళ్లు చేయదా?"

"వదులుగుంటే నాకు మనసున పట్టదు, స్వరూపా. లోపల ఏదో కూలేటట్టే అనిపిస్తది."

స్వరూప జాకెట్‌ను ఒళ్లో పెట్టుకుంది. తర్వాత వేలు పైకి చూపించింది.

"పైకి చూడయ్యా. మీద బండ లేదు. ఫ్యాను తిరుగుతున్నది. ఇది ఇల్లు."

అంకయ్య నిజంగానే తలెత్తి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. ఆయనకు నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి.

స్వరూప లైనింగ్ గుడ్డ ముక్కను రెండు మడతలు వేసి ఇచ్చింది. "గీ మందం ఇడువు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు." ఆయన ఆ మడతను కొలిచి కంప్యూటర్లో కొట్టాడు. మిషన్ సొరుగుల పక్కల్ని సన్నగా చెక్కింది. వెనకకు కొత్త పలక బిగించాక, ఇంతటి ముసురులోనూ సొరుగులు లోపలికి పోయి, బయటికి వచ్చాయి. గాలి ఆట మాత్రం పోయింది. ఒకటి మూస్తే ఇంకొకటి రావడం లేదు.

పెళ్లయ్యాక నాగవ్వ మళ్లీ వచ్చింది, అత్తగారింటికి పోయే పిల్లకు ఇంకో జాకెట్ కుట్టమని. మాట్లాడుతూనే ఒక సొరుగును పట్టి గుంజింది.

"మెల్లగ నాగవ్వా! దుకాణంల కొన్నదనుకున్నవా?" అని స్వరూప గదమాయించింది. ఆ వెంటనే షెడ్డు వైపు తిరిగింది. "ఓ వనిత బాపూ, అంత చేసినవు గని కత్తెరకు జాగ ఏది? కింద ఇంకో సొరుగు గావాలె. పొడుగుది."

షెడ్డులో మిషన్ ఆగింది. అంకయ్య ఒంటి మీది రంపపు పొట్టు దులుపుకోకుండానే వచ్చాడు. కత్తెర చేతికిస్తే కొట్లాట వస్తుందని స్వరూప దాన్ని గుడ్డ మీద పెట్టి జరిపింది. ఆయన తీసుకుని ఒక టేకు పలక మీద పెట్టి, చెవి మీది పెన్సిల్ అందుకున్నాడు. కత్తెర అంచుకు ఆనించబోయి ఆగాడు. పెన్సిల్‌ను కొంచెం ఇవతలికి జరిపి, చుట్టూ జాగ వదిలి, మెల్లగా గీత గీయడం మొదలుపెట్టాడు.