ఒంటి మీది ఉప్పుతో బచేలి దాకా

మా మేనత్త అప్పలనరసమ్మ మొక్కు తీర్చడానికి ఈ ప్రయాణం పెట్టుకున్నాం. అత్త అడవుల అవతల ఇనుప గనుల ఊరు బచేలిలో కొడుకు రాము దగ్గర ఉంటుంది. రాము బావ కిరండూల్ లైను మీద పట్టాల పని చేస్తాడు. మొన్న వానాకాలంలో మలేరియా తలకెక్కి మూడు రోజులు తెలివి లేకుండా పడున్నాడు. సముద్రంలో మునిగి, ఆ ఉప్పు ఒంటితోనే ఇల్లు చేరి, వాడి నెత్తిన చెయ్యి పెడతానని అప్పుడు మొక్కుకుంది. విశాఖలో మావాళ్ళకి ఇలాంటి మొక్కు ఉంటే ఇల్లు పావుగంట నడక. అత్తకేమో పద్నాలుగు గంటల రైలు. ఆ తేడా మా ఇద్దరి బుర్రలకీ తట్టలేదు.

మొక్కు కోసం అత్త విశాఖలో మా ఇంటికొచ్చింది, తెల్లారకముందే బీచ్‌లో మునిగాం. చీకట్లో వెంట్రుకల ఉండల్లాంటిదేదో కాళ్ళకి చుట్టుకుంటే లాగి పారేశాను. నేను కుళాయి కింద ఒళ్ళు కడుక్కున్నాను. అత్త తడి జాకెట్టు, లంగా మీదే పొడి చీర చుట్టేసింది. నిద్ర చాలక వాదించే ఓపిక లేక ఊరుకున్నాను. కిరండూల్ పాసింజరు ఏడు లోపే కదులుతుంది, కిటికీ సీటు కావాలంటే అరగంట ముందే వెళ్ళాలి.

అరకు దాటాక అత్త అటూ ఇటూ కదలడం మొదలుపెట్టింది. జయపురం వచ్చేసరికి కళ్ళమ్మట నీళ్ళు. బాత్రూంలోకి తీసుకెళ్ళి చూస్తే నడుం చుట్టూ, జాకెట్టు కుట్ల వెంట ఎర్రగా కంది బొబ్బలు. కుట్లలో నల్లటి నాచు పోగులు.

"నీళ్ళు పోస్తానత్తా."

"వద్దే అమ్మడూ. కడిగేత్తే మొక్కు పోద్ది. ఆడికేటైనా అయితే?"

"నీకేమైనా అయితేనో?" అని అరిచాను. అటు తిరిగిపోయింది.

సాయంత్రం జగదల్‌పూర్‌లో బలవంతంగా దింపేశాను. ఆటోకి వంద, ఆసుపత్రికి పదిహేను నిమిషాలు. డ్యూటీ డాక్టరు సముద్రం పక్క ఊళ్ళో చదివిందట, నాచు చూడగానే గుర్తుపట్టింది. కొన్ని రకాల సముద్రపు నాచులో విషం ఉంటుందని, తడిబట్ట కింద ఒత్తుకుపోతే చర్మాన్ని కాల్చేస్తుందని, ముందు అది కడిగితేనే మందు పని చేస్తుందని చెప్పింది. అత్త ఒప్పుకోదే! తెలుగు సరిహద్దులోని కోంటా వైపు నుంచి వచ్చిన నర్సు అత్త పక్కన కూర్చుంది.

"ఏందమ్మా, పొద్దుగాల నుంచి ఇట్లనే ఉన్నవా? కొడుకు నెత్తిన పెట్టేది ఏ చెయ్యి?"

అత్త కుడిచెయ్యి చూపించింది.

"అయితే గా చెయ్యి ఒక్కటి ఉంచుకో. అరచేతి తోలు మందం, ఆగుతది. కండ్లు మాత్రం నలుపుకోకు. మిగతా ఒళ్ళు నాకియ్యి."

అత్త పిడికిలి బిగించి లేచింది. సబ్బు నీళ్ళు పోస్తున్నంతసేపూ ఆ చెయ్యి పైకెత్తే ఉంచింది.

రైలు వెళ్ళిపోయింది కాబట్టి గీదం, దంతెవాడ మీదుగా జీపు మాట్లాడుకున్నాం, మూడు గంటల దారి. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. డ్రైవరు అద్దంలో చూసి, "ముట్ఠీ మే క్యా హై, అమ్మా?" అని పిడికిలి కేసి చూపించాడు. "బేటా హై, నా కొడుకు" అంది అత్త. ఇంత అలసట, ఇంత మంట, అన్నీ నా బద్ధకం వల్లే అని కుమిలిపోయాను. సముద్రానికి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: ఒడ్డుకి రాగానే తడిబట్టలు విప్పేసి, మంచినీళ్ళతో, సబ్బుతో ఒళ్ళు కడుక్కోండి, ఆ బట్టలు ఉతక్కుండా మళ్ళీ కట్టుకోకండి. ఎంత మొక్కున్నా సరే.

బచేలి క్వార్టర్ గుమ్మంలో రాము బావ నిలబడి ఉన్నాడు. దారిలోనే ఫోన్‌లో అతనికి అంతా చెప్పేశాను. అత్త గబగబా వెళ్ళి పిడికిలి విప్పింది. అతను తల వంచలేదు. ఆ చెయ్యి పట్టుకుని బకెట్ దగ్గర కూర్చోబెట్టి, వేళ్ళ సందుల దాకా సబ్బు రాసి కడిగాడు. అత్త వెక్కివెక్కి ఏడుస్తూనే ఉంది. తుడిచాక, ఆ ఖాళీ చేతిని తనే తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు.

"మొక్కు తీరిపోనాదమ్మా" అన్నాడు.