భూటాన్ జెండా, చివరి దోనె

పొద్దున తాడేపల్లిగూడెం స్టేషన్ దగ్గర టిఫిన్ హోటల్లో నాకు ఒళ్లు మండిపోయింది. టీవీలో ఒలింపిక్స్ ప్రారంభోత్సవం మళ్లీ వేస్తున్నారు. భూటాన్ జెండా పట్టుకుని గుప్పెడు మంది వస్తున్నారు. పక్క బల్ల దగ్గరున్న మా ఊరి ప్రసాదు, "ఇన్నేళ్ల నుంచి వెళ్తున్నారు, ఒక్క మెడల్ లేదు. ఎందుకండీ వీళ్లు రావడం? చానెల్ మార్చండి" అన్నాడు. హోటలాయన మార్చేశాడు కూడా! పెసరట్టు సగంలో వదిలేసి వచ్చేశాను.

కొల్లేటి లంకల్లో పెరిగినవాళ్లకు మన తాటిదోనెల పందేలు గుర్తున్నాయా? నీచు వాసన, తడిసి ఒంటికి అతుక్కున్న నిక్కర్లు, అమ్మమ్మ కొంగున మూటగట్టి తెచ్చిన ఉడికించిన వేరుశనక్కాయలు. గెలిచినవాడైనా సరే, చివరి దోనె గట్టు తాకేదాకా ఇంటికి వెళ్లకూడదు. వెనకబడ్డవాడు గుర్రపుడెక్కలో చిక్కుకున్నాడో, మునిగాడో ఎవరు చూస్తారు?

భూటాన్ వాళ్లను పంచాయతీ టీవీలో మొదటిసారి చూసింది కూడా అమ్మమ్మ పక్కన కూర్చునే. ఆ రోజుల్లో ఆ దేశం నుంచి విలుకాళ్లు తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. "ఇంతేనా వీళ్లు!" అని మేం నవ్వుతూ లేవబోతే ఆవిడ కసిరింది. "కూర్చోండర్రా! చివరి దోనె రాకుండా గట్టు వదిలిపోతారా?"

పతకం రాలేదని భూటాన్ వాళ్లు రావడం మానలేదు. మానాల్సిన పనేముంది?

ఒరేయ్ ప్రసాదూ, ఇది నువ్వూ చదువుతావని తెలిసే రాస్తున్నాను. ఆ చివరి దోనె ఎప్పుడూ నీదే. నీ కోసం చలికి వణుకుతూ గట్టు మీద నిలబడ్డాం. ఏనాడైనా, ఎవరమైనా, "ఎందుకురా వీడు రావడం?" అన్నామా?