ఇంజన్‌కి నిలువు బొట్టు

మా విమానం మా మామగారికంటే రెండేళ్ళు పెద్దది. ఆయన పోయి నాలుగేళ్ళయింది, అది ఇంకా ఎగురుతూనే ఉంది. విమానం అనగానే ఏదో పెద్దగా ఊహించుకోవద్దు. ఒకదాని పక్కన ఒకటి రెండు సీట్లు, ముక్కుకి ఒక ప్రొపెల్లర్, రెక్కలకి రేకు బదులు గుడ్డ, గుడ్డ మీద రంగు. కొన్న రోజున మా ఆయన దాని రెక్కని వేలితో మీటి చూసి, "ఇది పరదా కదా" అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో దాన్ని పరదా బండి అనే అంటున్నారు.

నేను ఇక్కడ ట్రాయ్ అనే ఊళ్ళో కార్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగం చేస్తాను. అక్కడ ఒక బోల్టు పొడవు వెంట్రుకవాసి మార్చాలన్నా మీటింగుల మీద మీటింగులు పెడతారు. అందరూ సంతకాలు చేస్తారు గానీ ఒక్కరి చేతికీ గ్రీజు అంటదు. వారమంతా అలా గడిచాక, శనివారం పొద్దున్నే అరగంట డ్రైవ్ చేసి, విమానాన్ని ఉంచే హ్యాంగర్ తలుపు తోస్తే, లోపల ఆ ముసలి ఇంజన్ నాకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అక్కడ నా చేతిలో రెంచ్ ఉంటుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. నా బతుకులో నాకు పూర్తిగా నచ్చిన గంటలు అవే.

ఎవరి అనుమతీ అక్కర్లేదన్నది పూర్తిగా నిజం కాదు. ఇక్కడి చట్టం ప్రకారం సొంత విమానానికి ఆయిల్ మనమే మార్చుకోవచ్చు, టైరు మార్చుకోవచ్చు, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేసుకోవచ్చు. అంతకంటే పెద్ద పని లైసెన్సున్న మెకానిక్ కనుసన్నల్లో చేయాలి. ఏడాదికోసారి మాత్రం అధికారం ఉన్న మెకానిక్ వచ్చి అంతా చూసి లాగ్‌బుక్‌లో సంతకం పెడితేనే అది మళ్ళీ గాల్లోకి లేవాలి. దాన్ని యాన్యువల్ అంటారు. మా ఆయన దాన్ని ఆబ్దికం అంటాడు.

"అవేం మాటల్రా, ఎగిరే వస్తువుని పట్టుకుని" అని మా అత్తగారు కసురుకుంటారు. ఆవిడ గుంటూరునుంచి ఆరు నెలలకని వచ్చి మా దగ్గర ఉన్నారు.

పోయిన శరదృతువులో ఆ ఆబ్దికం దగ్గర పడుతుండగా, అన్నాల దగ్గర మా ఆయనకీ నాకూ మళ్ళీ అదే గొడవ మొదలైంది. అంత పాత విమానాన్ని సొంతదారు సొంతంగా బాగుచేసుకోవచ్చా, కూడదా అని.

"పన్ను నొప్పెడితే నువ్వే పీక్కుంటావా?" అన్నాడాయన.

"పళ్ళు నేనే తోముకుంటాను కదా. దానిక్కూడా అపాయింట్‌మెంట్ బుక్ చేయాలా?" అన్నాను.

"తోముకునేటప్పుడు ఫోన్ మాట్లాడవు. రెంచ్ పట్టుకుని మాట్లాడతావు. నీకెవరేం చెప్పినా ఊఁ అంటావు. ఏం విన్నావో దేవుడికి తెలియాలి. ఆ ఎయిర్‌పోర్టు టవర్ వాళ్ళు రేడియోలో చెప్పింది మాత్రం పొల్లు పోకుండా అప్పజెబుతావు."

"వాళ్ళు ఊఁ అంటే ఒప్పుకోరు."

"నేనూ ఒప్పుకోకుండా ఉండాల్సింది" అని కాసేపు పెరుగన్నం కలిపి, షరతు పెట్టాడు. ఈసారి ఆబ్దికంలో నా చేతి పనిలో ఒక్క తప్పు దొరికినా ఇక నేను రెంచ్ ముట్టుకోకూడదు. అన్నీ షాపుకే ఇవ్వాలి, నేను తాళంచెవి మాత్రం పట్టుకోవాలి. దొరక్కపోతే ఆయన జన్మలో ఈ ఊసెత్తడు. నాకు ఒళ్ళు మండి సరేనన్నాను. అన్నాక గానీ తట్టలేదు. ఆ శనివారాలు పోతే నాకు మిగిలేది మీటింగులే.

నేను చేసిన పనేమీ చిన్నది కాదు. ఆబ్దికం చేసే మెకానిక్ ఎలా చేయాలో దగ్గరుండి చూపించి, బిగించాక తనే వచ్చి చూస్తానన్నాడు. ఇంజన్ కింద కార్బురేటర్, దాని చుట్టూ ఉన్న గొట్టాలు విప్పి, కడిగి, మళ్ళీ బిగించాను. బిగించడానికి మా దగ్గరో రెంచ్ ఉంటుంది. సరిపడా బిగుసుకోగానే టిక్‌మంటుంది. టిక్‌మన్నాక నట్టు మీదినుంచి దాని కిందున్న లోహం మీదికి రంగుతో ఒక సన్న గీత గీస్తాం. తర్వాతెప్పుడైనా నట్టు కదిలితే గీత విరిగిపోతుంది, చూడగానే దొరికిపోతుంది. నేను వాడే రంగు పసుపు. దాన్ని ఏరికోరి కొనలేదు, ఆ రోజు షాపులో అదే ఉంది.

దసరాకి మా అత్తగారు ఆయుధ పూజ హ్యాంగర్‌లో చేయాలన్నారు. మా ఆయన కారుకీ, నా కారుకీ గరాజ్‌లోనే చేసేసి, పళ్ళెం పట్టుకుని బయల్దేరారు. విమానం ఆబ్దికం గడువు దాటి నేల మీదే ఉంది, ఇంజన్ మీది రేకులు ఊడదీసి ఉన్నాయి. ఆవిడ కొబ్బరికాయ ప్రొపెల్లర్ మీద కొడతానన్నారు. అడ్డం పడ్డాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి మా ఆయనని తోయమన్నారు. తేలికపాటి బండి కదా, చక్రం నిమ్మకాయని నలపకుండా ముందుకి దొర్లించుకుంటూ పోయింది. ఒకటి పక్క హ్యాంగర్ తలుపు కిందినుంచి లోపలికి వెళ్ళిపోయింది. రెండోదాన్ని మా ఆయన బూటుకాలితో తొక్కేసి, "విమానమే తొక్కిందనుకోండి" అన్నాడు.

నేను టైరు మీద పడ్డ కొబ్బరినీళ్ళు తుడుస్తూ, పక్క హ్యాంగర్ ఆసామికి నిమ్మకాయ సంగతి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను. అత్తగారు తిలకం సీసా తీసుకుని ఇంజన్ కింద పీట వేసుకుని కూర్చున్నారు. పొడి కుంకుమ నిలబడదని సీసా తెచ్చారట. అక్కడినుంచి ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. నేను ఊఁ అంటూనే ఉన్నాను.

ఆవిడ లేచాక చూస్తే ఇంజన్ నిండా ఎర్ర గీతలు. పసుపు గీత ఉన్న ప్రతి నట్టు మీదా దాని పక్కనే, అంతే పొడుగున, అంతే నిటారుగా ఎర్ర గీత ఉంది.

"పసుపు పెట్టి కుంకుమ పెట్టకుండా వదిలేస్తారుటమ్మా ఎవరైనా? అన్నిటికీ పెట్టేశా. మనం నిలువు బొట్టు వాళ్ళం కదా, నిలువుగానే పెట్టా" అన్నారు.

ముత్తయిదువ లక్షణాలు పూర్తిగా వచ్చిన ఆ ఇంజన్‌ని చూసి నాకు నవ్వాగలేదు. తుడిస్తే ఆవిడ నొచ్చుకుంటారని అలాగే వదిలేశాను.

ఆ తర్వాతి శనివారం మెకానిక్ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఈ రకం విమానాలు తప్ప లోకంలో మరేదీ పట్టనివాడు. టార్చిలైటు నోట్లో కరుచుకుని పనిచేస్తాడు కాబట్టి పెద్దగా మాట్లాడడు. షరతు ఏమవుతుందో చూడ్డానికి మా ఆయన వచ్చాడు. ఆబ్దికం ఎలా చేస్తారో చూడ్డానికి అత్తగారు స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని వచ్చి మడతకుర్చీలో కూర్చున్నారు.

మెకానిక్ రెక్కలు చూశాడు, కేబుళ్ళు లాగి చూశాడు, సీట్లు తీయించి కింద చూశాడు. తప్పు దొరకలేదు. చివర్న ఇంజన్ కిందికి దూరి, అక్కడే ఆగిపోయాడు. టార్చి నోట్లోంచి తీశాడు. ఆయన ఇంగ్లీషులో అడిగినవి నా తెలుగులో రాస్తున్నాను.

"పసుపు గీత నీది. ఎర్రది ఎవరిది?"

"మా అత్తగారిది" అన్నాను. అది అబద్ధం కాదు.

"నువ్వు బిగించినవన్నీ ఆవిడ మళ్ళీ చూశారా?"

"ఒక్కటీ వదల్లేదు" అన్నాను. అదీ అబద్ధం కాదు.

ఆయన మెల్లగా బయటికొచ్చి, చేయి తుడుచుకుని, మడతకుర్చీ దగ్గరికెళ్ళి మా అత్తగారికి షేక్‌హ్యాండ్ ఇవ్వబోయాడు. ఆవిడ నమస్కారం పెట్టారు. ఒకరు బిగిస్తే, వేరే మనిషి వచ్చి చూసి రెండో రంగు గీత పెట్టడం పాతకాలపు మంచి పద్ధతట. ఈ చుట్టుపక్కల హ్యాంగర్లలో సొంతంగా పని చేసుకునేవాళ్ళలో అంత శ్రద్ధ ఆయనెప్పుడూ చూడలేదట. ఆవిడ ఎక్కడ పనిచేసి రిటైరయ్యారని అడిగాడు. ఎక్కువగా ఇంట్లోనే అన్నాను. ఆయన గౌరవంగా తలాడించాడు.

"ఏమంటున్నాడమ్మా?" అన్నారు అత్తగారు.

"మీ గీతలు బాగున్నాయంటున్నారు."

"నా చెయ్యి ఇంకా వణకట్లేదని చెప్పు."

చెప్పాను. ఆయన అందుకూ తలాడించాడు.

"సరే. రెండో మనిషి చూసిన నట్ల మీద నేను మళ్ళీ రెంచ్ పెట్టక్కర్లేదు" అని లాగ్‌బుక్ తెరిచి, జేబులో పెన్ను వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

మా ఆయన వెనకాల చిన్నగా దగ్గాడు. ఆ ఎర్రదేమిటో ఆయనకీ తెలుసు. ఒక్క మాటంటే నా పని అయిపోయేది, కానీ అనలేదు. నాకేసి చూస్తూ నిలబడ్డాడు, అంతే. నాకు గెలవాలని ఉంది. చాలా ఉంది. అన్నీ టిక్‌మనిపించాననే నా నమ్మకం కూడా. కానీ పొద్దున్న లేస్తే బ్రేకులు పరీక్షించే దాన్ని. ఎవరూ చూడని నట్టు మీద చూసినట్టు గుర్తు పెట్టి ఉంటే ఏమవుతుందో నాకంటే బాగా ఆ హ్యాంగర్‌లో ఎవరికీ తెలియదు. మెకానిక్‌కి పెన్ను దొరికింది. క్యాప్ తీశాడు.

"అది రంగు కాదండీ. కుంకుమ" అన్నాను.

వివరంగా చెప్పాల్సి వచ్చింది. దసరా గురించీ, పసుపు పక్కన కుంకుమ ఎందుకు ఉండాలో, నిలువుకీ అడ్డానికీ తేడా ఏమిటో చెప్పాను. శైవం, వైష్ణవం దాకా వెళ్ళాను. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. అంతా విని ఆ మెకానిక్ పెన్నుకి క్యాప్ పెట్టి, లాగ్‌బుక్ మూసి, నా టిక్ రెంచ్ అడిగి పుచ్చుకుని మళ్ళీ ఇంజన్ కిందికి దూరాడు.

గొట్టాల దగ్గర ఒక్కొక్క నట్టూ టిక్, టిక్ అంది. కార్బురేటర్‌కి నాలుగు నట్లు. మొదటిది టిక్. రెండోది టిక్. మూడోది అనలేదు. రెంచ్ అలా తిరిగింది, ఇంకా తిరిగింది, చాలాసేపటికి గానీ టిక్ అనలేదు. ఆ నట్టుని వేళ్ళతో తిప్పి వదిలేశారు, రెంచ్ తగల్లేదు. దాని మీద నా పసుపు గీత చక్కగా ఉంది. ఆఫీస్‌నుంచి ఫోన్ వచ్చిన శనివారం నాకు అక్కడికక్కడే గుర్తొచ్చింది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, రెంచ్ కింద పెట్టి, రంగు ట్యూబు పట్టుకున్నాను.

"ఏమైంది?" అన్నారు అత్తగారు.

"ఒకటి వదులుగా ఉందటమ్మా" అన్నాడు మా ఆయన. ఆ గొంతులో గెలిచిన సంతోషం ఏమీ లేదు.

"అది నేను చెప్పిందే కదా" అన్నారావిడ. "బొట్టు పెడుతుంటే వేలు తగిలి ఒకటి గిర్రున తిరిగింది. పసుపు గీత వంకర పోయింది. ఇదేదో తిరుగుతోంది అమ్మాయ్, చూసుకో అన్నా. నువ్వు ఊఁ అన్నావు. తెలిసిందేలే అనుకుని, దాన్ని వెనక్కి తిప్పి, గీత మళ్ళీ సరిగ్గా కలిపి బొట్టు పెట్టా."

మెకానిక్‌కి అది అనువాదం చేసింది నేనే. నా నోటితో నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. విరిగిన గీతని కలిపేశారన్న చోట కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, తన నలభై ఏళ్ళ పనిలో తప్పుని చెప్పిన రెండో మనుషులు చాలామందే గానీ, వినకుండానే ఊఁ అని ఊరుకున్న మొదటి మనుషులూ అంతేమంది అన్నాడు. ఆ రోజు సంతకం పెట్టలేదు. అన్నీ విప్పి, మొదటినుంచీ బిగించి, ఇద్దరూ ఉన్నప్పుడు పిలవమన్నాడు.

"ఇద్దరూ అంటే ఎవరు?" అన్నాను.

ఆయన మడతకుర్చీ వైపు చూపించాడు.

షరతు షరతే. నేనే రెంచ్ తీసుకెళ్ళి మా ఆయన చేతిలో పెట్టాను. నాకు ఏడుపొస్తోందని ఆయనకి కనపడే ఉంటుంది. రెంచ్‌ని ఎటువైపు పట్టుకోవాలో తెలియక కాసేపు తిప్పి, వాళ్ళమ్మకి ఇచ్చేశాడు. "నువ్వు దాన్ని ముట్టుకోకూడదన్నాను. అమ్మ ఇస్తే పుచ్చుకోకూడదనలేదు" అన్నాడు. ఆవిడ దాన్ని తిలకం సీసాతో పాటు సంచిలో వేసుకున్నారు.

ఇప్పుడు శనివారం పొద్దున్నే ఇద్దరం వెళతాం. నా ఫోన్ ఆవిడ సంచిలోకి వెళుతుంది, రెంచ్ బయటికొస్తుంది. టిక్‌మంటే గానీ ఆవిడ సీసా మూత తీయరు. మూత తీశాక కూడా వేలితో నట్టుని తిప్పి చూస్తారు. తిరగలేదంటేనే పుల్ల ముంచుతారు.

"ఇది బిగిసింది" అన్నారు మొన్న, ఆ మూడో నట్టు దగ్గర.

"ఊఁ" అన్నాను.

పుల్ల గాల్లోనే ఆగిపోయింది.

"ఊఁ కాదు. ఏం చెప్పానో చెప్పు."

"మూడో నట్టు బిగిసింది అత్తయ్యా" అన్నాను.

అప్పుడు బొట్టు పెట్టారు.