నోటి నిండా గుండుసూదులు

పరీక్షలకి ఎలా చదవాలో మా నుర్మెస్ ఊరి పిల్లలకి నేర్పమని ఇరవై ఎనిమిదేళ్ళు నాకు జీతమిచ్చారు. నేర్పింది మాత్రం సైమి కెత్తునెన్. ఆవిడ మూడు వీధుల అవతల బట్టలు కుట్టుకుంటూ బతికింది. ఆరో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. ఈ మాట చెప్పుకోవడం నాకేం సరదా కాదు, కానీ ఊరందరికీ తెలిసిన సంగతి నేనొక్కణ్ణే దాచి ఏం లాభం?

నేను చరిత్ర మాస్టార్ని. ఆఖరి ఏడాది పిల్లలకి చదివే పద్ధతులు చెప్పే పని కూడా నా నెత్తినే పెట్టారు. పన్నెండు సూత్రాలు తయారుచేసి, నాలుగు రంగుల్లో అచ్చు వేయించి, తలా ఒకటి పంచేవాణ్ణి. పిల్లలు ఎంతో వినయంగా తీసుకునేవాళ్ళు. ఒక ఏడాది చేపల కొట్లో నా సూత్రాల కాగితంలోనే చేపలు చుట్టి నా చేతిలో పెట్టారు. డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్నాను.

ఫిబ్రవరిలో ఆఖరి ఏడాది పిల్లలు లారీలెక్కి, ఊరంతా మిఠాయిలు విసురుకుంటూ తిరుగుతారు. ఆ తర్వాత చదువు సెలవు. మార్చిలో పరీక్షలు, మేలో ఫలితాలు, పాసైతే నెలాఖరున తెల్ల టోపీ. టోపీ రాని పిల్లల్ని మా ఊళ్ళో ఎవరూ ఏమీ అనరు. ఎదురైతే మంచు గురించి ఒక మాట మాట్లాడి వెళ్ళిపోతారు. అంతకంటే నాలుగు తిట్టడమే నయం.

టోపీ పెట్టుకునే రోజుకి ఆడపిల్లలకి గౌను, మగపిల్లలకి కోటు కావాలి కదా. వాటి కొలతలకి చదువు సెలవులోనే సైమి కొట్టుకి వెళ్ళేవాళ్ళు. అక్కడేం జరుగుతోందో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. మా పత్రికవాళ్ళు ఏటా మంచి మార్కులొచ్చిన పిల్లల్ని "ఎలా చదివావు?" అని అడిగి అచ్చు వేస్తారు. నా సూత్రాల పేరు వస్తుందేమోనని నేను ఏటా ఆశగా పేపరు తెరిచేవాణ్ణి. ఒక ఏడాది ఏర్కో అనే కుర్రాడు, "సైమత్త దగ్గర కోటు కొలతలకి నిలబడ్డాను" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. మరుసటేడు ఇంకొక పిల్ల అదే మాట చెప్పింది. ఆ పై ఏడాది ఇద్దరు చెప్పారు.

నాకు ఒళ్ళు మండింది. సంగతేమిటో తేల్చుకుందామని, శుభ్రంగా ఉన్న ప్యాంటు ఒకటి తొడుక్కుని, అంచు పొడుగైందని చెప్పి ఆవిడ కొట్టుకి వెళ్ళాను.

నన్ను బల్లపీట ఎక్కించింది. కాళ్ళ దగ్గర మోకాళ్ళమీద కూర్చుంది. పెదాల మధ్య వరసగా పది పన్నెండు గుండుసూదులు. చేతులు కిందికి వదిలెయ్యమన్నట్టు సైగ చేసింది. కదలకూడదు. పుస్తకం పట్టుకునే వీల్లేదు, కిటికీలోంచి చూద్దామంటే అద్దమంతా మంచు. రెండు నిమిషాలకే ఏదో ఒకటి మాట్లాడకపోతే ఉండలేననిపించింది. నాకు తెలిసిందేముంది? నా సూత్రాలే మొదలుపెట్టాను.

"ఏడో సూత్రం చాలా ముఖ్యమండీ. ముఖ్యమైన మాటల కింద రంగు పెన్సిలుతో గీత గియ్యాలి."

ఆవిడ తలెత్తింది. నోట్లో సూదులు కదలకుండా, "మ్?" అంది.

"ఎందుకంటే, రంగు వేస్తే బాగా గుర్తుంటుంది."

"మ్?"

"అంటే... రంగు గుర్తుంటుంది."

ఆవిడ కనుబొమ్మలు పైకెత్తి అలాగే చూస్తోంది. రంగు గుర్తుంటుంది సరే, దాని కింది మాట గుర్తుంటుందని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేనే అనుకుని, నేనే అచ్చు వేయించాను. ఇంటికెళ్ళి ఏడో సూత్రం కొట్టేశాను. మర్నాడు తొమ్మిదోదీ పోయింది.

ఆవిడ చేసేది ఇంతే. పిల్ల పీటెక్కి పాఠం చెప్పడం మొదలుపెడుతుంది. తెలిసినంతసేపు గడగడా చెబుతుంది. తెలియని చోట ఆగుతుంది. ఎదుటి మనిషి సాయం చెయ్యదు, తిట్టదు, లేచి పోదు. ఆ పిల్లకి తనకేం రాదో తనకే తెలిసిపోతుంది. ఇంటికెళ్ళి ఆ ఒక్కటే చదువుకుని, మూడు రోజుల తర్వాత రెండో కొలతలకి వచ్చి మళ్ళీ చెబుతుంది. సైమి సాయంత్రం ఆరింటికి కొట్టు మూసేస్తుంది కాబట్టి పిల్ల రాత్రి పెందలాడే పడుకుంటుంది. చదువుకి ఇంతకుమించి ఏ పండితుడైనా ఏం చెప్పగలడు? అయితే సైమి ఇదంతా ఆలోచించి చేసిందేం కాదు. నోట్లో సూదులున్నాయి కాబట్టి మాట్లాడలేదు. కొందరు పిల్లలు కుట్టించుకునేదేమీ లేకపోయినా ప్యాంటు పట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఫిబ్రవరిలో అంచు పైకి, మార్చిలో కిందికి.

దీన్ని పాడుచేసిన ఘనత నాది.

సూదులు కరిచి కరిచి ఆవిడ ముందు పళ్ళు గాడి పడ్డాయి. ఒక పన్ను విరిగింది. పళ్ళ డాక్టరు ఇక సూదులు పెట్టుకుంటే అన్నీ ఊడతాయన్నాడట. అది విని నాకు జాలేసింది. పనిలో పనిగా బడి తరఫున ఒక సత్కారం చేస్తే బాగుంటుందనీ అనిపించింది. టీచర్లందరి చేతా చందాలు వేయించి, సూదులు అతుక్కునే అయస్కాంతపు గిన్నె ఒకటి తెప్పించి, ఆవిడ అరవై మూడో పుట్టినరోజున కాఫీలు, తీపి బన్నులతో సభ పెట్టి, నా చేతుల మీదుగా ఇచ్చాను. "ఇవాళ్టితో మీ నోటికి విముక్తి!" అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ ఏడే మా అమ్మాయి కెర్తుది ఆఖరి సంవత్సరం. దానికి భాషల్లో భయం లేదు, లెక్కలు గట్టెక్కేవి. చరిత్ర, జీవశాస్త్రం, భూగోళం అన్నీ కలిపి పెట్టే పెద్ద పేపరంటేనే గుండెల్లో దడ. చరిత్ర మాస్టారి కూతురు ఆ పేపరే తప్పితే ఇంకేమైనా ఉందా? నా దగ్గర కూర్చోమన్నాను. "నువ్వు చెబుతూనే ఉంటావు నాన్నా, నన్ను చెప్పనివ్వవు" అంది. సరే, సైమి దగ్గరికి పొమ్మన్నాను.

ఆ ఫిబ్రవరిలో సైమి నోరు విప్పింది. పాతికేళ్ళుగా ఊరి పిల్లలందరూ ఆవిడ చెవిలో పోసిన చదువంతా లోపల అలాగే ఉంది. ఒక్క ముక్క పోలేదు. మాట్లాడితే అచ్చంగా పాఠ్యపుస్తకం మాట్లాడినట్టే ఉండేది. ఎందుకంటే ఆవిడ విన్న భాష అదే. ఒకరోజు కెర్తు గౌను తీసుకురావడానికి నేనూ వెళ్ళాను.

"జీర్ణక్రియ అంటే... కడుపులో, మరేమో..." అంటోంది మా అమ్మాయి పీట మీద నిలబడి.

"జీర్ణక్రియ నోటియందే ప్రారంభమగును" అంది సైమి అంచు మడుస్తూ. "లాలాజలము పిండిపదార్థమును చక్కెరగా మార్చును. పిమ్మట ఆహారము జీర్ణాశయమును చేరును."

"అవునవును, అదే! అదే చెప్పబోతున్నా!"

"మరి చిన్నప్రేగు పాత్ర యేమి?"

"అది... నాకు తెలుసు, నోటిదాకా వచ్చింది..."

"చిన్నప్రేగు పోషకములను గ్రహించును."

"హా, అదే!"

సైమి ముఖం వెలిగిపోతోంది. అరవై మూడేళ్ళలో ఆవిణ్ణి అంత సంతోషంగా ఎవరూ చూసి ఉండరు. మొగుడు పోయి పదేళ్ళు. ఉన్నన్నాళ్ళూ దుంగలు నరికే ఆ మనిషి ఇంట్లో పెద్దగా మాట్లాడింది లేదు. ఇప్పుడేమో కొట్టు బయట మంచులో పిల్లలు బారులు తీరారు. "అబ్బ, ఎంత బాగా చెబుతుందో! అంతా అర్థమైపోయింది నాన్నా" అంటూ కెర్తు ఎగురుకుంటూ ఇంటికొచ్చేది. నేనూ మురిసిపోయాను. నా అయస్కాంతం పనిచేస్తోందనుకున్నాను. మా ఆవిడ ఇర్మెలి పార్టీకి కేకు చెప్పేసింది, టోపీ లోపల పిల్ల పేరు బంగారు దారంతో రాయించేసింది.

మేలో ఫలితాలొచ్చాయి. ఇంత చెత్త ఫలితాలు మా బడి ఎన్నడూ చూడలేదు. కెర్తు ఆ పెద్ద పేపరే తప్పింది.

కేకు వద్దని చెప్పడానికి ఇర్మెలి ఫోన్ చేస్తే అవతలివాళ్ళు మంచు త్వరగా కరిగిందన్నారట. మా అమ్మాయి గదిలోంచి బయటికి రాలేదు. నేను తలుపు దగ్గర నిలబడి, సెప్టెంబరులో మళ్ళీ రాయొచ్చనీ, ప్రణాళిక వేసుకోవాలనీ, నాలుగో సూత్రమనీ ఏదేదో వాగాను. లోపల్నుంచి "నాన్నా, దండం పెడతాను, వెళ్ళిపో" అని వినిపించింది.

మూడో రోజున సైమి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"చదువుకున్నది నేను మాస్టారూ. ఆ పిల్ల తలాడించింది, అంతే" అంది. "ఈసారి పంపండి. నోరు మెదపను."

వేసవంతా కెర్తు మంగళవారం, శుక్రవారం వెళ్ళింది. తప్పిన మిగతా పిల్లలూ వెళ్ళారు. సైమి నోట్లో సూదుల్లేవు, అయినా మాట రాలేదు. సూదులతో మూసుకోవడం తేలిక, ఉత్తినే మూసుకోవడం చాలా కష్టమని మా అమ్మాయి చెప్పింది. ఒక్కోసారి జవాబు పెదాల దాకా వచ్చి ఆవిడ మింగేసుకోవడం కనిపించేదట. ఒక్క వసంతం తనివితీరా మాట్లాడిన మనిషిని మళ్ళీ మేమే నోరు మూయించామని నాకు చాలా బాధేసింది. కానీ నా కూతురు పాసవ్వాలి. అందుకని నేనేమీ అనలేదు.

పరీక్షకి వారం ముందు, వాన పడుతుంటే కెర్తుని తీసుకురావడానికి వెళ్ళాను. యుద్ధం పాఠం నడుస్తోంది. నేను తలుపు పక్కన కూర్చున్నాను.

"పంతొమ్మిది వందల నలభై మూడు... కాదు, నలభై నాలుగు సెప్టెంబరులో రష్యాతో సంధి కుదిరింది" అంటోంది కెర్తు. "తూర్పున మన కరేలియా వాళ్ళ చేతికి పోయింది. నాలుగు లక్షల మందికి పైగా ఇళ్ళొదిలి ఇటు వచ్చారు. మరుసటేడు చట్టం చేసి వాళ్ళకి భూములిచ్చారు. దాంతో నిర్వాసితుల సమస్య పరిష్కారమైంది."

ఆ చివరి వాక్యం నాది. ఏటా క్లాసులో అదే చెప్పి పాఠం ముగిస్తాను.

సైమి ఏమీ అనలేదు. కెర్తు ఆగింది. వేసవంతా అలా ఆగడం అలవాటైపోయింది కదా.

"పరిష్కారమైంది అంటే... ఎవరికి పరిష్కారమైంది?" అని తనని తానే ప్రశ్నించుకుంది. "వాళ్ళు వచ్చాక ఎలా ఉన్నారు? నాకు తెలీదు." నావైపు తిరిగింది. "నాన్నా, నీకు తెలుసా?"

ఇన్నేళ్ళు ఆ పాఠం చెప్పిన నాకు తెలియదు. సైమి కత్తెర పక్కన పెట్టింది. ఇచ్చిన మాట తప్పింది. ఈసారి పుస్తకం భాష కాదు. నేనెన్నడూ ఆవిడ నోట వినని యాస.

"నానప్పుడు పన్నెండేళ్ళ గుంటని. కరేలియాలో సోర్తవల కాడ మా వూరు. రొండ్రోజుల్లో ఎలిపోమన్నారు. మాయమ్మ రొట్టెలకి పిండి కలిపీసుంది, దాన్నలాగే వొగ్గీసి వచ్చీసినాం. ఆవుని నానే తోలుకొచ్చినాను, వానలో, నాలుగు రోజులు. ఈ వూరి బళ్ళో ఏసినారు. నోరిప్పితే సాలు, మా మాట ఇని 'రష్యాదానా' అని గుంటలంతా నవ్వీసినోళ్ళు. టీచరమ్మేమో, ముందు మనిసిలాగ మాటాడ్డం నేర్సుకోని అప్పుడు రా అంది. మరెల్లలేదు. కుట్టుపనికి పెట్టీసినారు. సూదులు నోట్లో ఉంటే మాటాడమని ఎవులూ అడగరు కదా."

అంతే చెప్పింది. మళ్ళీ కత్తెర తీసుకుంది. ఆవిడ పక్క ఊరి మనిషేననుకున్నాను ఇన్నాళ్ళూ. ఎప్పుడూ అడగలేదు. కెర్తు పీట దిగి, ఆవిడ పక్కన నేలమీద కూర్చుని ఏడ్చింది.

సెప్టెంబరు పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది: కరేలియా నిర్వాసితుల పునరావాసం గురించి రాయండి. కారెక్కగానే కెర్తు ఆ సంగతి చెప్పింది.

"సైమత్త చెప్పిందంతా రాశావా?"

"లేదు నాన్నా. నువ్వు చెప్పిందే రాశాను. భూములిచ్చారు, సమస్య పరిష్కారమైంది అని." బెల్టు పెట్టుకుంటూ, "పాసవ్వాలి కదా" అంది.

పాసైంది. ఆ జవాబుకి ఆరుకి ఆరు వచ్చాయి. డిసెంబరులో టోపీ పెట్టుకుంది. సైమికి ఈ సంగతి చెబితే, "మంచి పని చేశావు, నేనైనా అదే రాసేదాన్ని" అందట.

జనవరిలో ఆ పాఠం మళ్ళీ వచ్చింది. ఈసారి ఆవు గురించి, వొగ్గేసి వచ్చిన పిండి గురించి చెబుదామని రాత్రంతా అనుకుని వెళ్ళాను. చెప్పాను కూడా. పిల్లలు పెన్నులు కింద పెట్టి విన్నారు. అంతలో ముందు బెంచీలోంచి ఒక పిల్ల చెయ్యెత్తి, "మాస్టారూ, ఇది పరీక్షకి వస్తుందా?" అంది. రాదన్నాను. మరి ఏం రాయాలని అడిగింది. నిర్వాసితుల సమస్య పరిష్కారమైందని చెప్పాను. అందరూ రాసుకున్నారు.