పిన్ని పక్క ఖాళీ

జనం లేనిచోట జనాన్ని పెట్టడం నా ఉద్యోగం. ఏం పని చేస్తావమ్మా అని అడిగినవాళ్లకి ఇంతవరకే చెప్పేదాన్ని. మిగతాది చెప్పే ఓపిక అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల సంగతి ఇది. రాజమండ్రిలో ఒక ఫ్యాన్సీ షాపు మేడ మీద మా ఆఫీసు ఉండేది. తొమ్మిది కంప్యూటర్లు, ఒక ఏసీ. ఆ ఏసీ కూడా మాకోసం కాదు, మెషిన్లు వేడెక్కకుండా. హైదరాబాదులో పెద్ద స్టూడియోలు ఒప్పుకున్న సినిమాల్లో వాళ్లకు విసుగు పుట్టించే పని మాకు వచ్చేది. బస్సు పార్శిల్లో హార్డ్ డిస్కు దిగేది. అందులో మూడు వందల మంది ఉంటే, వాళ్లను ముప్ఫై వేల మందిని చేసి తిరిగి బస్సెక్కించాలి. కెమెరాని కదలకుండా బిగించి, అదే మూడు వందల మందిని ఒకచోట కూర్చోబెట్టి తీస్తారు. లేపి, చొక్కాలు, చీరలు మార్పించి, పక్కన కూర్చోబెట్టి మళ్లీ తీస్తారు. ఆ ముక్కలన్నీ అతుకు తెలియకుండా కలపడం మా వంతు. ఒకే మనిషి రెండుచోట్ల కనపడితే తప్పు. ఖాళీ కనపడితే తప్పు. చూసేవాళ్లు ఎవరి మొహం దగ్గరైనా ఆగిపోయారంటే అది అన్నిటికంటే పెద్ద తప్పు.

ఈ పని మనిషిని పాడుచేస్తుంది. మెడ పట్టేస్తుంది, కళ్లు మండుతాయి, అవి సరే. ఆదివారం చర్చిలో కూర్చున్నా ముందు వరసల్లో తలలు చూస్తూ ఎవరు రెండుసార్లు పడ్డారా అని వెతికేదాన్ని. పాస్టరు గారి ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కేది కాదు. పెళ్లి పందిట్లో ఖాళీ కుర్చీ కనపడితే అక్కడ ఎవరిని తెచ్చి పెట్టొచ్చా అని చెయ్యి మౌసు కోసం వెతుక్కునేది. పాతికేళ్లకే నాకు మనుషులంటే విసుగు పుట్టింది. పుట్టదూ మరి, రోజుకి అన్ని వేలమందిని చూస్తే.

మాది నరసాపురం. మా అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేది. లేసు అల్లేది. బాబాయి అప్పటికి ఆరేళ్ల కిందట ఒక పొద్దున చేపల చెరువుల దగ్గర పనికని క్యారేజీ పట్టుకుని వెళ్లి తిరిగి రాలేదు. ముందు రోజు గొడవేమీ జరగలేదు. కాకినాడలో చూశామని ఒకరు, బళ్లారి వైపు లారీ మీద చూశామని ఒకరు చెప్పేవారు. వెతకడానికి మా నాన్న రెండుసార్లు వెళ్లివచ్చారు. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎత్తడం మానేశాం. పిన్ని మాత్రం బాబాయి గురించి మాట్లాడితే ఊరెళ్లిన మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడేది.

బాబాయికి సినిమా పిచ్చి. అందులోనూ ఒక హీరో అంటే మరీ. ఆ హీరో సినిమా వస్తే మొదటిరోజు మ్యాట్నీకి పిన్ని ముందే వెళ్లి ఆడవాళ్ల క్యూలో టిక్కెట్లు తీసుకునేది. లోపలికెళ్లి కూర్చుని పక్క సీట్లో కర్చీఫు వేసి ఉంచేది. బాబాయి సైకిలు స్టాండులో పెట్టి, జంతికల పొట్లం కొనుక్కుని, టైటిల్స్ పడుతుండగా వచ్చి ఆ కర్చీఫు తీసి కూర్చునేవాడు. చిన్నప్పుడు వాళ్లతో నేనూ వెళ్లేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

ఆ హీరో సినిమాకే మాకు పనొచ్చింది. హీరో పడవ దిగేసరికి రేవు నిండా జనం ఉండాలి. మా నరసాపురం దగ్గరే ఒక రేవు మెట్ల మీద తీస్తామన్నారు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారో రాసుకోవడానికి నన్ను పంపారు. ఆ సంగతి తెలిసి పిన్ని చేతిలో లేసు పక్కన పెట్టి మా ఇంటికి వచ్చేసింది.

"నిజంగా ఆయన సినిమాయేనా?" అంది.

"అవును పిన్నీ."

"అయితే మీ బాబాయి చూస్తాడు. ఎక్కడున్నా చూస్తాడు. అన్నమన్నా మానేస్తాడు గానీ ఆ హీరో సినిమా మానడు. నన్ను ముందు కూచోబెట్టవే, మొహం కనపడేలాగ."

మా అమ్మ వంటింట్లోంచి నావైపు చూసింది, వద్దని చెప్పవే అన్నట్టు. అప్పటికే బస్సు ప్రయాణంతో తల పగిలిపోతోంది. వాదించే శక్తి లేదు. పైగా, ఆవిడ లెక్కలో తప్పేమీ కనపడలేదు. పోలీసులు, పేపర్లో ప్రకటన, ప్రార్థనలు అన్నీ అయ్యాక, బాబాయి తప్పకుండా వెళ్లే చోటు ఏదైనా ఉందీ అంటే అది సినిమా హాలే.

"కనపడతావు పిన్నీ, నాది పూచీ" అన్నాను.

షూటింగు రోజు మెట్ల మీద సుద్దముక్కతో పన్నెండు గడులు గీశారు. కెమెరాకి ఎదురుగా మొదటి గడి. అందులో కూర్చున్నవాళ్ల మొహాలు బాగా తెలుస్తాయి కాబట్టి వాళ్లను మళ్లీ ఇంకో గడిలో వాడకూడదు. పిన్నిని ఆ గడిలో రెండో వరస చివర కూర్చోబెట్టాను. మిగతావాళ్లను గడి నుంచి గడికి మార్చడం మొదలుపెట్టాక తెలిసింది, మా వైపు జనంతో ఈ పని ఎంత కష్టమో. లేవమనగానే ఒకడు పరిగెత్తుకెళ్లి తర్వాతి గడిలో ఆరు కర్చీఫులు, రెండు తువ్వాళ్లు పరిచేవాడు. తమవాళ్లు టీకి వెళ్లినా, పులిహోర పొట్లాలకు వెళ్లినా వాళ్ల చోటు అలాగే ఉండేది.

అసిస్టెంటు డైరెక్టరు మైకులో మొత్తుకున్నాడు. "అమ్మా, అయ్యా, దయచేసి ఆ కర్చీఫులు తీసెయ్యండి. ఇది బస్సు కాదండి."

"వచ్చేస్తారు బాబూ, మావాళ్లే" అన్నాడు ఒక పెద్దాయన, ఎంతో మర్యాదగా, కర్చీఫు మాత్రం కదపకుండా.

బస్సు కిటికీలోంచి కర్చీఫు వేస్తే ఆ సీటు రిజిస్ట్రేషను అయిపోయినట్టే మాకు. పరాయివాడి కర్చీఫు మీద కూర్చున్నవాణ్ణి నేను మా వైపు చూడలేదు. కెమెరా తిరుగుతున్నా, జనం కిక్కిరిసి ఉన్నా, ఒక్కరూ ఆ ఖాళీల్లోకి జరగలేదు. పన్నెండు గడుల్లోనూ నోట్లో పళ్లు ఊడినట్టు ఖాళీలు. ఇవన్నీ పూడ్చాల్సింది నేనేనని తెలిసి ప్రాణం ఉసూరుమంది.

పిన్ని పక్కనా ఒక ఖాళీ ఉంది. అందులో ఒక తెల్ల కర్చీఫు, చుట్టూ తను అల్లిన లేసు.

"అది తీసెయ్యి పిన్నీ" అన్నాను దగ్గరికెళ్లి.

"ఉండనీవే" అంది, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.

అంతలో కెమెరా రెడీ అన్నారు. అందరి అలవాటే ఆవిడ అలవాటూ అనుకుని వచ్చేశాను. ఇంకోసారి అడిగి ఉండాల్సింది.

రాజమండ్రిలో ఆ ఒక్క షాటు మీద పదిహేడు రోజులు కూర్చున్నాను. కరెంటు పోయేది, యూపీఎస్ పీక నొక్కినట్టు అరిచేది, సేవ్ చేసేలోపే కొంత పని పోయేది. ఒక ఖాళీ పూడిస్తే పక్కనే ఇంకోటి కనపడేది. ఒక గడిలోంచి మనిషిని కత్తిరించి, ఇంకో గడిలో పెట్టి, చొక్కా రంగు మార్చి, వెలుతురు కలిపి, పక్కవాడి మోకాలు అడ్డొస్తే గీసి. అయిదో రోజుకి వాళ్లు మనుషులని మర్చిపోయాను. పదో రోజుకి నేను మనిషినని కూడా.

పిన్ని మొహాన్ని మాత్రం కాపాడాను. అక్కడ ఎండ ఎక్కువగా ఉంది, మొహాలన్నీ కాస్త నలుపు చేద్దామని మా సీనియరు అంటే ఆ వరస వదిలేయమని పోట్లాడాను. మాటిచ్చాను కదా, నిలబెట్టుకుంటున్నాననే గర్వం కూడా ఉండేది నాకు. ఆ పదిహేడు రోజుల్లో సంతోషం కలిగించింది అదొక్కటే.

పదహారో రోజు హైదరాబాదు సూపర్‌వైజరు ఫోన్ చేశారు.

"మేడమ్, ఎడమవైపు రెండో వరసలో ఒక ఖాళీ వదిలేశారు. ఏదో తెల్లగా మెరుస్తోంది. కన్నంతా అక్కడికే పోతోందండి."

"కర్చీఫు సార్."

"ఏదైనా సరే, ఎవరినైనా పెట్టేయండి. రేపు పంపాలి."

"అలాగేనండి" అన్నాను.

ఆ క్షణంలో నాకేమీ తట్టలేదని చెప్పుకోలేను. పిన్ని పక్క చోటని తెలుసు. ఆ కర్చీఫు థియేటర్లో ఎవరికోసం వేసేదో కూడా తెలుసు. కానీ ఆ రెండూ కలిపి ఆలోచించడానికి తలలో చోటు లేదు. అప్పటికి యాభైకి పైగా ఖాళీలు పూడ్చాను, ఇది ఇంకొకటి. తొమ్మిదో గడిలోంచి ఒకాయన్ని తీశాను. తెల్ల చొక్కా, మీసం, నలభై అయిదేళ్లుంటాయి. ఎండ పడే వైపు సరిపోవాలంటే ఆయన్ని అద్దంలోలా తిప్పాల్సివచ్చింది. తిప్పేసరికి ఆయన తల పిన్ని వైపు వాలింది. అదీ మంచిదే, సహజంగా ఉందనుకున్నాను. అతికించినట్టు కనపడకూడదని ఆయన భుజం నీడ పిన్ని చేతి మీద పడేలా వేశాను. కర్చీఫు ఆయన కిందకి వెళ్లిపోయింది. మా ఊరి జనంలో ఒక్కరూ చెయ్యని పని నేను ఆయన చేత చేయించాను. మొత్తం ముప్పావుగంట పట్టింది. సూపర్‌వైజరు చూసి, "సూపరండి, ఇప్పుడు నిండుగా ఉంది" అన్నారు.

సినిమా విడుదలైన రోజు సెలవు పెట్టి నరసాపురం వెళ్లాను. అమ్మ, పిన్ని, నేను మ్యాట్నీకి వెళ్లాం. పిన్ని షూటింగు రోజు కట్టుకున్న పచ్చ చీరే కట్టుకుని వచ్చింది. హాలంతా ఈలలు, పైకి విసిరిన కాగితం ముక్కలు. హీరో పడవ వచ్చింది, రేవు వచ్చింది. ఎడమవైపు కిందుగా పిన్ని. రెండు సెకన్లు, మహా అయితే. మొహం స్పష్టంగా ఉంది. పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెంటనే వదిలేసింది.

ఇంటర్వెల్లో అమ్మ సోడాకి వెళ్లాక పిన్ని అడిగింది.

"నా పక్కన ఆ మనిషెవరే?"

"ఎవరో పిన్నీ. వేరేచోట కూర్చున్నాయన్ని తెచ్చి అక్కడ పెట్టాం. ఖాళీ ఉండకూడదన్నారు."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

పిన్ని మెల్లగా, నాకు కాదన్నట్టు తెర వైపు చూస్తూ చెప్పింది. "ఆ కర్చీఫు చూస్తే ఆయనకి తెలుస్తుందని వేశానే. నీ చోటు నీకుంది, వచ్చెయ్యమని. ఇప్పుడు చూస్తే ఏమనుకుంటాడు? దీనికి ఇంకో మనిషి దొరికాడు, పచ్చగా ఉంది అనుకోడూ?"

"రెండు సెకన్లే పిన్నీ. అంత జనంలో ఎవరూ గుర్తుపట్టరు."

మా వృత్తిలో ఇంతకంటే మంచి ఓదార్పు లేదు. ఆవిడ నావైపు తిరిగి చూసిన చూపుతో ఏమన్నానో అర్థమైంది. గుర్తుపట్టకపోతే ఆవిడ ఆశ పోయింది. గుర్తుపడితే మనిషే పోతాడు. సిగ్గుతో తల వంచుకున్నాను. అలిసిపోయాను పిన్నీ అని చెప్పబోయి, అదీ ఒక సాకేనా అని ఊరుకున్నాను.

"మళ్లీ మార్చలేరా?" అంది.

"రీళ్ల పెట్టెలు అన్ని ఊళ్లకీ వెళ్లిపోయాయి."

"ఎన్నాళ్లుంటుందే ఇది?"

"బాగోకపోతే వారానికి తీసేస్తారు."

"బాగుందా?"

చుట్టూ జనం హీరో డైలాగులు అప్పుడే వల్లె వేస్తున్నారు. ముందు వరసలో ఒకాయన సాయంత్రం ఆటకి టిక్కెట్లు దొరుకుతాయా అని పక్కాయన్ని అడుగుతున్నాడు.

"బాగోలేదు పిన్నీ" అన్నాను.

ఆవిడ తలూపింది. అమ్మ సోడా తెస్తే తాగింది. మిగతా సగం కూడా కూర్చుని చూసింది.

హాల్లో సినిమా మారేది శుక్రవారం కాబట్టి ప్రతి శుక్రవారం పొద్దున్నే పిన్ని హాలు దాకా నడిచివెళ్లి పోస్టరు చూసి వచ్చేదని అమ్మ ఫోన్లో చెప్పేది. ఎనిమిది శుక్రవారాలు వెళ్లింది. ఎనిమిదిసార్లూ అదే పోస్టరు.