రెండో వంపు

మా దుకాణంలో ఎన్ని రకాల అద్దాలున్నా ఆ పెద్దాయనకి పనికొచ్చే అద్దం ఒక్కటీ లేకపోయింది. ఆయనకి కావలసింది చాలా చిన్న విషయం. ఒక బొమ్మలో, పైన కుడి మూల, సన్నటి వంపు ఉందో లేదో తన కళ్ళతో చూసుకోవాలి, అంతే. వయసులో ఉండగా అది చూశానన్నారు, ఎవరూ నమ్మలేదు. ఇన్నేళ్ళకి వేరేవాళ్ళు మళ్ళీ కొత్తగా ఆ బొమ్మ తీశారు. తీరా చూద్దామంటే చూపు పోతోంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదటిరోజు ఏమీ తెలియదు.

దుకాణం ఆబిడ్స్‌లో, మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో. పొద్దున్నే షట్టర్ లేపి అద్దాలు తుడవడం, వచ్చినవాళ్ళకి ఫ్రేములు చూపించడం, ముక్కు మీద సరిగ్గా కూర్చోకపోతే వంచి సరిచేయడం నా పని. కళ్ళు పరీక్ష చేసేది మా సేట్. నేను పదో తరగతిలో లెక్కలు తప్పి మళ్ళీ రాయలేదు. అయినా నన్ను పెట్టుకున్నది నా నోరు చూసి. "నువ్వు మాట్లాడుతనే ఉండు బేటీ, గిరాకీ లేచి పోదు" అంటాడు. నిజమే, నా ముందు కూర్చున్నవాళ్ళు లేవడానికి మొహమాటపడతారు.

వానలు మొదలైన రోజుల్లో ఆయన వచ్చారు. తెల్లచొక్కా, చేతికర్ర, చంకలో దవాఖానలో ఎక్స్‌రే పెట్టి ఇచ్చే పెద్ద కవరు. నేను కుర్చీ జరిపాను.

"ఎక్స్‌రే గీడ చూడం సార్, గీడ కండ్లే చూస్తం. బొక్క గిట్ల ఇరిగిందా?"

"విరిగింది నాది కాదమ్మా. ఇది ఆకాశానికి తీసిన ఎక్స్‌రే" అన్నారు. కోస్తా వైపు మాట, కానీ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి మాట. వాళ్ళ నాన్న సెక్రటేరియట్ ఉద్యోగానికి గుంటూరు నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డారని తర్వాత చెప్పారు.

కవర్లోంచి రంగుల ప్రింటు తీసి గాజు బల్ల మీద పరిచారు. "నాకు సరిగ్గా ఆనడం లేదు. ఏం కనపడుతోందో చెప్పు, చూద్దాం."

నేనేదో ఆట అనుకున్నాను. వంగి చూశాను.

"అంత నలుపు సార్. నడుమల నీలంగ పొగ లెక్క ఉంది, ఒక దిక్కుకు సాగినట్టు. బియ్యం చల్లినట్టు చుక్కలు. గీడ కింద, ఎడమ దిక్కు, ఎర్రగ ఒక వంపు. పగిలిన గాజు ముక్క లెక్క మంచిగుంది."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"తొందరేం లేదు, నిదానంగా చూడు. ఒకటేనా?"

అప్పుడే ఒకావిడ పిల్లాడి చెవి పట్టుకుని లోపలికి వచ్చింది, కొత్త కళ్ళజోడు బడిలో విరగ్గొట్టుకొచ్చాడని. నేను అటు తిరుగుతూనే "ఔ సార్, ఒకటే" అన్నాను.

ఆయన ప్రింటు మడతపడకుండా కవర్లో పెట్టుకున్నారు. ఆ పని చాలాసేపు చేశారు. తర్వాత, "దీన్ని చూడ్డానికి నాకో కళ్ళజోడు కావాలి" అన్నారు.

సేట్ ఆయన్ని లోపల కూర్చోబెట్టి, ఆ గుండ్రటి బరువు ఫ్రేము ముక్కుకి తగిలించి, ఒకదాని తర్వాత ఒకటి అద్దాలు వేశాడు. ఆయన గోడమీద అక్షరాలకేసి సూటిగా చూడరు. మొహం పక్కకి తిప్పి, కంటి చివరనుంచి చూస్తారు. పై వరసలో పెద్ద అక్షరం ఒకటి చెప్పారు, రెండోది చెప్పలేకపోయారు. సేట్ అద్దాలన్నీ తీసి పెట్టెలో సర్దేశాడు. కళ్ళజోడు అమ్మలేదు.

ఆయన వెళ్ళాక అడిగితే అన్నాడు: "ఆంఖ్ వెనక పొర ఖరాబైంది బేటీ. ఇంజెక్షన్లు గూడ అయిపోయినయంట. సినిమా పర్దా చినిగినంక మిషన్ మారిస్తే ఏం ఫాయిదా?"

అమ్మకపోయినా ఆయన రావడం మానలేదు. రెండు మూడు రోజులకోసారి మధ్యాహ్నం వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. ఒకసారి కొత్త భూతద్దం తెచ్చుకున్నారు, ఒకసారి లైటున్న భూతద్దం. బొమ్మ పరిచి దానిమీద ముక్కు ఆనేదాకా వంగేవారు. మధ్యలో మసక, చుట్టూ కొంచెం వెలుతురు, అదీ ఆయన చూపు. "నీ చెవి రింగులు కనపడతాయమ్మా, మొహమే కనపడదు. మొహం చూద్దామని కళ్ళు తిప్పితే అది చెరిగిపోతుంది" అన్నారు. నేను నవ్వి "మంచిదే సార్, మొహం కంటె రింగులే మంచిగున్నయి" అన్నాను. ఇన్నాళ్ళుగా నాతో మాట్లాడుతున్న మనిషికి నా మొహం తెలియదు.

నాకు నోరు ఊరుకోదు కదా, అసలు ఆ బొమ్మేంటని అడిగాను. ఆయన అడిగించుకోవడానికే ఎదురుచూస్తున్నట్టు చెప్పుకుపోయారు.

"నాంపల్లి స్టేషన్లో రైలు దిగి గేటు దగ్గరికి ఒక గుంపు వస్తుంది. అదే వేళకి రైలెక్కడానికి ఇంకో గుంపు లోపలికి ఉరుకుతుంది. ఎదురుపడ్డాక ఏమవుతుంది?"

"ఏమైతది సార్, జరుగుండ్రి జరుగుండ్రి అనుకుంట సందులకెల్లి పోతరు."

"మనుషులు పోతారు. మరి వాళ్ళతో వచ్చిన దుమ్ము?"

"అది నడుమనే లేస్తది."

"ఇక్కడా అంతే. వందలో వేలో గెలాక్సీలు కలిస్తే ఒక గుంపు. రెండు గుంపులు ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోయాయి. గెలాక్సీలు ఒకదాన్నొకటి తాకకుండా దాటిపోయాయి. వాటి మధ్య పలచగా ఉండే వాయువు మాత్రం ఢీకొని వేడెక్కింది. ఆ వేడి నుంచి ఎక్స్‌రేలు వస్తాయి. అవి మన గాలి దాటి కిందికి రావు, పైన తిరిగే ఉపగ్రహం పట్టుకుంటుంది. నువ్వు చూసిన నీలం పొగ అదే."

"మరి ఎర్ర గాజు ముక్క?"

"ఢీకొన్న దెబ్బకి ఒక అల బయల్దేరి అంచులకి పోతుంది. అది పోయిన చోట రేడియో వెలుగు పుడుతుంది. దాన్ని నేలమీది యాంటెన్నాలు పట్టుకుంటాయి. పూణే అవతల, ద్రాక్ష తోటల మధ్య ఉంటాయి. కంటికి కనపడేది కాదది. రంగు మేం పూసింది. ఉన్నది మాత్రం నిజం."

ఆయన ఆ యాంటెన్నాల దగ్గర చాలా ఏళ్ళు పనిచేశారు. అప్పట్లో ఇవే గుంపుల్ని బొమ్మ తీసినప్పుడు కింది ఎడమ వంపుకి ఎదురుగా, పైన కుడివైపు, చాలా సన్నగా రెండోది కనపడిందట. పెద్దవాళ్ళు చూసి, అది ఆకాశంలోది కాదు, కరెంటు తీగల గోల అన్నారట. రాసిన వ్యాసంలోంచి ఆ ముక్క తీయించేశారట.

ఆ రాత్రి ఇంట్లో బట్టలు ఉతుకుతూ టబ్బు మధ్యలో అరచేత్తో కొట్టి చూశాను. అల రెండు వైపులా పోయింది. మళ్ళీ కొట్టాను. ఒక వైపు అంచుకి తగిలింది, రెండోవైపు నానేసిన దుప్పటి కిందికి పోయి మాయమైంది.

మా అమ్మ తొంగి చూసి, "నల్లా నీళ్ళు బంగారమైతుంటే నీకు ఆటలు పుట్టినయా? ముసలిదానివైతున్నవ్, పోరి బుద్ధి పోలే" అంది.

మర్నాడు ఆయన రాగానే చెప్పాను. "రెండు దిక్కులా పోవాలె కద సార్? ఒక దిక్కు అల ఉంటే రెండో దిక్కు ఉండాలె. మీరు చూసింది నిజమే!"

ఆయన మొహంలో ఒక్క క్షణం ఎంత సంతోషం కనపడిందో. వెంటనే తగ్గించేసుకున్నారు. "ఉండాలి అనుకోవడం వేరు, చూడడం వేరమ్మా. నీ దుప్పటి కింద అల ఉందనే అనుకుంటాం. చూశామా?"

బొమ్మ పంపింది పూణేలో ఆయన దగ్గర చదువుకున్న ఒకావిడ. లెక్క వేస్తే రెండో వంపు ఉందనడానికీ లేదనడానికీ మధ్యలో ఆగుతోందట. మొదట చూసింది మీరు కనక మీరే తేల్చండి, ఉందంటే మీ పేరుతో రాస్తాను అందట. వాళ్ళు వ్యాసం పంపించే రోజు దగ్గరపడుతోంది.

"ఆమెనే అడగరాదు సార్, కనపడుతుందా లేదా అని?"

"ఆవిడకి నేనంటే గౌరవం. గౌరవం ఉన్నవాళ్ళకి లేనివి కూడా కనపడతాయి."

"మీకు కనపడితే మరి?"

"నాకు కనపడినా నమ్మకూడదు" అని ఆగారు. "కానీ ఒక్కసారి చూడాలని ఉంది."

నేను సేట్ వెంటపడ్డాను. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మందపాటి అద్దం తీయించాను. బల్లమీద లైటు మార్పించాను. "నువ్వు అల్లాతోని గూడ బేరం చేస్తవ్" అని విసుక్కుంటూనే సేట్ అన్నీ చేశాడు. ఆయన ఫ్రేము తగిలించుకుని, మెడ పక్కకి తిప్పి, ఆ మూల మీద చూపు నిలపాలని చూశారు. నిలపగానే అది మసకలో పడిపోతుంది. పక్కకి తప్పించగానే సన్నటివి ఆనవు. కింది ఎర్ర వంపు ఒకసారి దొరికింది. "ఇదిగో, ఇది దొరికింది" అన్నారు చిన్నపిల్లాడిలా. రెండోవైపు ఎంత వెతికినా నలుపే. నలుపు బొమ్మదో ఆయన కంటిదో ఆయనకే తెలియలేదు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ, ఏడుపు కాదు, కంటికి శ్రమ అన్నారు.

ఆయన పూణే ఆవిడకి ఫోను చేసి చెప్తానన్న రోజు రానే వచ్చింది. వాన పడి వెలిసింది. ఆయన వచ్చి కూర్చుని ఈసారి బొమ్మ తీయలేదు. నేనే కవర్లోంచి తీసి పరిచాను. ఇన్నాళ్ళుగా చూస్తున్న మూలే. వంగి చూశాను. ఉంది. సన్నగా, వెంట్రుక వాసి, నలుపులో కొంచెం తక్కువ నలుపు.

"సార్! ఉంది సార్! గీడనే ఉంది!" ఆయన వేలు పట్టుకుని ఆ మూల మీద పెట్టాను. "గిట్ల వంగింది చూడుండ్రి, గా కింది దానికి సక్కగ ఎదురుంగ. సేట్, మీరు గూడ జర చూడుండ్రి!"

సేట్ వచ్చి తన కళ్ళజోడు నుదుటిమీదికి ఎత్తుకుని చూశాడు. "నాకు ఏం దిక్తలేదు బేటీ" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, "ఉంటదేమో" అన్నాడు.

పెద్దాయన వేలు అక్కణ్ణుంచి తీయలేదు. కాగితాన్ని మెల్లగా నిమిరారు, చేతికి తగులుతుందేమో అన్నట్టు.

"మొదటిరోజు ఏం చెప్పావో గుర్తుందా?" అన్నారు.

నాకు గుర్తే. ఒకటే అన్నాను.

"ఆ రోజు నీకు నేనెవరో తెలియదు. బొమ్మ ఏమిటో తెలియదు. ఉంటే బావుండునని నీకు లేదు. అందుకే నీకేం చెప్పకుండా చూడమన్నాను. అలాంటి చూపు ఒక్కసారే దొరుకుతుందమ్మా, ఎవరికైనా."

అప్పుడు తెలిసింది నాకు. ఆయన ఆ రోజే తీర్పు అడిగారు. నేను విరిగిన కళ్ళజోడు కేసి తిరుగుతూ చెప్పేశాను.

"ఆ రోజు నేను మంచిగ చూడలే సార్! గిరాకీ ఉండె. మబ్బు పట్టి ఎలుతురు గూడ లేకుండె. ఒట్టు సార్, గదంత లెక్కల పట్టుకోకుండ్రి. ఇప్పుడు చూస్తున్న కద, ఇప్పుడు ఉంది!"

"ఇప్పుడు నీకు నేనంటే ఇష్టం" అన్నారు. అంతే. కోపం లేదు, ఎగతాళి లేదు.

ఇష్టం లేదని చెప్పనా? బొమ్మ కేసి మళ్ళీ చూశాను. ఉన్నట్టే ఉంది. రెప్పవేసి చూస్తే లేదు. మళ్ళీ ఉంది.

ఆయన ఫోను నా చేతికిచ్చి ఆవిడ నంబరు కలపమన్నారు. కలపకుండా కాసేపు పట్టుకుని కూర్చున్నాను. "కలపమ్మా" అన్నారు. కలిపాను.

"ఆఁ, నేనే. ఒకటే రాయి... లేదు, నా కళ్ళు కావు. మంచి కళ్ళకే చూపించాను... అక్కర్లేదమ్మా, పేరెందుకు? ఒకటే రాయి." అవతల ఆవిడ చాలాసేపు మాట్లాడింది. ఆయన ఊఁ కొట్టి పెట్టేశారు.

సేట్ టీ తెప్పించాడు. ముగ్గురం తాగాం.

లేచేటప్పుడు రోడ్డు దాటించమన్నారు. అవతల వైపు నాంపల్లికి ఆటోలు దొరుకుతాయి. సాయంత్రం ఆబిడ్స్ రోడ్డు ఎలా ఉంటుందో చెప్పాలా? అంచున నిలబడ్డాం. ఆయన చంకలో కవరు, నా మోచేతి మీద ఆయన చెయ్యి. బస్సు పోయింది, దాని వెనక బండ్లు పోయాయి.

"ఏమైనా వస్తోందా?" అన్నారు.

నేను అటు చూశాను, ఇటు చూశాను. కళ్ళు మసకబారితే చున్నీతో తుడుచుకుని మళ్ళీ చూశాను.

"ఏం లేదు సార్" అన్నాను.

ఆ ఒక్క మాట నమ్మి, నేను అడుగు వేయకముందే ఆయన రోడ్డు మీదికి దిగిపోయారు.